బెజవాడలో పుట్టి, వాల్తేరు చేరి

వైజాగ్‌లో ఆటో ఎక్కి 'ఏయూ' అంటే చాలు, ఇన్‌గేటా, అవుట్‌గేటా అని అడుగుతారు. సిరిపురం, పెదవాల్తేరు, మద్దిలపాలెం మధ్య నాలుగు వందల ఎకరాలకు పైగా పరుచుకున్న ఆవరణ అది. ఈ ఊరికి ఎంతగా అతుక్కుపోయిందంటే, అది ఇక్కడ పుట్టలేదన్న సంగతే చాలామందికి తెలియదు. ఏయూ, అంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, పుట్టింది బెజవాడలో. 1926 ఏప్రిల్ 26న.

అంతకుముందు తెలుగు జిల్లాల పిల్లలు చదివే కాలేజీలన్నీ 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. పరీక్ష ఎలా పెట్టాలో, పాఠం ఏది ఉండాలో మద్రాసులో తేలేది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగాక ప్రత్యేక రాష్ట్రం కోరికతో పాటే ప్రత్యేక విశ్వవిద్యాలయం కోరికా బలపడింది. ఇంతలో 1916లో మైసూరుకు, 1918లో హైదరాబాదుకు సొంత విశ్వవిద్యాలయాలు వచ్చేశాయి. చివరకు జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉన్న ఎ.పి. పాత్రో చేతుల మీదుగా చట్టం వచ్చింది. రాష్ట్రం రావడానికి ఇంకా ఇరవై ఏడేళ్లుంది. 'ఆంధ్ర' అన్న పేరు మొదట సాధించింది రాష్ట్రం కాదు, విశ్వవిద్యాలయం.

అయితే చట్టం రావడంతో తగువు తీరలేదు, మొదలైంది. కేంద్రం ఎక్కడ ఉండాలి? బెజవాడ వాళ్లు బెజవాడే అన్నారు. రాజమండ్రి తన చదువుల చరిత్ర చూపించింది. విశాఖ తన కొండనూ సముద్రాన్నీ చూపించింది. రాయలసీమ ప్రతినిధులు అనంతపురం కోసం పట్టుబట్టారు. ఇది ఊళ్ల మధ్య పంతం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక విశ్వవిద్యాలయం వస్తే దాని వెనుక కాలేజీలు, ఆసుపత్రులు, అచ్చుయంత్రాలు, ఉద్యోగాలు వస్తాయని అందరికీ తెలుసు. చివరికి 1930లో విశాఖలోని వాల్తేరు ఖాయమైంది. మిగిలినవాళ్ల అసంతృప్తి సంగతి అలా ఉంచితే, దత్తమండలాలు, అంటే సీమ జిల్లాలు, మాత్రం ఈ విశ్వవిద్యాలయం పరిధి నుంచే బయటికి పోయి తిరిగి మద్రాసు కిందికి చేరాయి. కోస్తా, సీమల మధ్య అనుమానాలకు ఈ వ్యవహారం తొలి బీజాలలో ఒకటి. కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ కేంద్రం ఉండాలని రాసుకున్నారంటే ఆ గాయం ఎంత లోతైనదో అర్థమవుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కథను గర్వంగా చెప్పుకునేవాళ్లు ఈ పేజీని దాటేయడం న్యాయం కాదు.

తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు జిల్లావాడే. కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసి, 'కవిత్వతత్త్వ విచారము'తో తెలుగు విమర్శను మలుపు తిప్పిన మనిషి. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కచేరీగా కాక, పాఠం చెప్పే చోటుగా, పరిశోధన జరిగే చోటుగా దీన్ని ఆయన ఊహించారు. ఆ ఊహ రూపుకట్టే వేళకు ఆయన పదవిలో లేరు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం సాగించిన నిర్బంధానికి నిరసనగా రాజీనామా చేశారు. సర్కారు ఇచ్చిన కుర్చీని సర్కారు తీరు నచ్చక వదిలిన తొలి వైస్ ఛాన్సలర్ ఉండటం ఈ సంస్థకు దొరికిన మంచి ఆరంభం.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆ జులైలోనే తెలుగు, చరిత్ర, రాజనీతి ఆనర్సు తరగతులు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయం స్వయంగా చెప్పిన తొలి పాఠాల్లో తెలుగు ఉంది. ఆ తెలుగు చెప్పింది పింగళి లక్ష్మీకాంతం. అయిదేళ్ల పదవీకాలంలో రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుంచీ కుర్రవాళ్లను ఏరి తెచ్చారు. హుమాయూన్ కబీర్ ఇక్కడ పాఠాలు చెప్పారు, హీరేన్ ముఖర్జీ చెప్పారు. రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రాన్ని, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రాన్ని నిలబెట్టారు. పూలల్లో, బెరడుల్లో రంగులకు కారణమైన పదార్థాల మీద శేషాద్రి బృందం చేసిన పని వాల్తేరు పేరును దూరదేశాలకు తీసుకెళ్లింది. 1933 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి మానవుడి గురించి ఉపన్యాసాలిచ్చారు. తాటితోపుల మధ్య అప్పుడే లేస్తున్న భవనాలు, పట్టుమని పదేళ్లు నిండని సంస్థ, వేదిక మీద విశ్వకవి. ఆ తరం విద్యార్థుల అదృష్టం చూస్తే అసూయ కలుగుతుంది.

ఇంత జరగడానికి డబ్బు ఎవరిచ్చారు? ఇక్కడ జయపురం మహారాజా విక్రమదేవవర్మను తలుచుకోవాలి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం అప్పట్లో విశాఖ జిల్లాలోని సంస్థానం. సైన్సు, టెక్నాలజీ కోసం ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఒక సంస్థను బతికించే మొత్తం. అది ఏ అరణ్య గ్రామాల శిస్తు నుంచి వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలన్నది నా అభిప్రాయం. కోరాపుట్ కొండల్లోని రైతుల చెమట వాల్తేరు ప్రయోగశాలల పునాదిలో ఉంది.

1936లో కట్టమంచి తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. ఆ నడుమే పెద్ద పరీక్ష వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. భవనాలను సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు చేరింది, యుద్ధం సద్దుమణిగాక గానీ సొంత గూటికి రాలేదు. యుద్ధపు రోజుల ముందువెనుకల్లోనే ఇక్కడ గణితం చదివిన సి.ఆర్. రావు తరువాత కలకత్తా వెళ్లి సంఖ్యాశాస్త్రంలో ప్రపంచం తలవంచే మనిషి అయ్యారు.

చదువు ఒక్కటే కాదు, నాటకం కూడా ఇక్కడ పెరిగింది. గ్రంథాలయాధికారిగా కవి అబ్బూరి రామకృష్ణారావు, రిజిస్ట్రారుగా కె.వి. గోపాలస్వామి ఉన్న కాలం అది. ఇద్దరికీ రంగస్థలం ప్రాణం. కాలేజీ కుర్రాళ్ల నాటక పోటీలు తెలుగు నాటకానికి కొత్త నటులనిచ్చాయి. ఫైళ్లు చూసే రిజిస్ట్రారు రిహార్సలూ చూసేవాడంటే ఆ వాతావరణం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఆ తరువాత వి.ఎస్. కృష్ణ పన్నెండేళ్లు నడిపారు. ఈ కాలంలో నాకు బాగా ఇష్టమైన కథ సముద్రానిది. 1952లో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ వచ్చారు. భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్ తోడయ్యారు. కిటికీలోంచి రోజూ కనబడే బంగాళాఖాతమే పరిశోధనాంశమైంది. నౌకాదళం ఓడల్లో విద్యార్థులు వెళ్లి నీటి ఉష్ణోగ్రతలు, ప్రవాహాలు, అడుగు మట్టి పరిశీలించారు. తరువాత తూర్పు తీరం పక్కన సముద్రగర్భంలో బయటపడ్డ లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ పేర్లు పెట్టారు. ఇందులో కృష్ణ నది కాదు, వైస్ ఛాన్సలరు.

క్యాంపస్ కూడా రెండుగా పెరిగింది. దక్షిణ క్యాంపస్‌లో ఆర్ట్సు, సైన్సు, లా, గ్రంథాలయం; ఉత్తర క్యాంపస్‌లో ఇంజనీరింగు. 1968లో లంకపల్లి బుల్లయ్య వైస్ ఛాన్సలర్ అయ్యారు. జమీందార్ల విరాళంతో, పెద్దకులాల పెద్దమనుషుల పట్టుదలతో లేచిన సంస్థలో ఒక దళితుడు ఆ కుర్చీలో కూర్చోవడం ఏ కొత్త భవనం కన్నా పెద్ద సంగతి.

ఆవరణ పెరుగుతుంటే పరిధి తరుగుతూ వచ్చింది. 1943లో కటక్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయం రావడంతో ఒడిశాలో దీని కింద ఉన్న కాలేజీలు అటు పోయాయి. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వచ్చింది. గుంటూరులో 1967లో పెట్టిన పీజీ సెంటరు 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ; 2008లో శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలోని పీజీ సెంటరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో వేరుపడింది. పొలాల మధ్య నాలుగు గదులతో మొదలయ్యే పీజీ సెంటర్లకు వాల్తేరు నుంచి పాఠ్యప్రణాళికలు వెళ్లాయి, మేష్టార్లు వెళ్లారు. దీన్ని కొందరు తగ్గిపోవడం అంటారు. ఎచ్చెర్ల ఆడపిల్ల ఇంటి నుంచి బస్సులో వెళ్లి ఎమ్మే చదవగలగడాన్ని నేను తగ్గిపోవడం అనలేను. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో, శ్రీకృష్ణదేవరాయల పేరుతో వచ్చింది. శ్రీబాగ్‌లో సంతకాలు చేసిన నలభై నాలుగేళ్లకు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏయూ చెట్లను కూకటివేళ్లతో పెకలించింది. మళ్లీ నాటారు, పెరుగుతున్నాయి. ఏళ్ల తరబడి నింపని అధ్యాపక పోస్టుల సంగతి అలా కాదు. రాధాకృష్ణన్ ఏరి తెచ్చినట్టు మనుషుల్ని తెస్తే తప్ప ఆ ఖాళీ పూడదు. నూరేళ్ల పండుగలో శిలాఫలకాలు ఎన్నైనా వేయొచ్చు. నేను కోరేది ఒకటి: బెజవాడా, రాజమండ్రా, అనంతపురమా, వాల్తేరా అని సాగిన తొలినాటి సెనేటు చర్చలను తెలుగులోకి తెచ్చి, అన్ని జిల్లాల వాదనలూ ఉన్నవి ఉన్నట్టు అచ్చువేయాలి. ఆ పుస్తకం తొలి ప్రతులు అనంతపురం వెళ్లాలి.