అవసరమా, అగత్యమా?

కర్ణాటకలో బాగేపల్లి ప్రాంతపు పాతపాళ్యలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం. ‘మా ఊరికి నీళ్లు అవసరం’ అని తెలుగులో తలచుకుని, ఆ మాటనే కన్నడ అర్జీలోకి దింపితే ఊరి ఇబ్బంది పోయి ఆత్రం మిగులుతుంది. కన్నడంలో ‘అవసర’ అంటే తొందర. ‘అగత్యం’ అంటే రెండు భాషల్లోనూ అవసరమే. ‘కంపు’ మరీ చిక్కు. కన్నడిగుడికి అది పరిమళం, మనకు దుర్వాసన.

ఈ నేల మీద మాటను తూచి వాడడం కొత్తేమీ కాదు. చింతామణి తాలూకా కైవారంలో పుట్టిన నారాయణప్ప, జనం కైవారం తాతయ్య అని పిలుచుకునేవారు, 1726 నుంచి 1836 దాకా జీవించారని సంప్రదాయం. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగినవారు. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు కట్టారు, కాలజ్ఞానం తెలుగులో చెప్పారు. ఆయన ముందున్నది ఎక్కువగా చదివేవాళ్లు కాదు, వినేవాళ్లు. చెవిన పడగానే తెలియని మాట అక్కడే రాలిపోతుంది. గడప గడపకూ వెళ్లినవారికి ఏ ఇంట ఏ మాట నడుస్తుందో తెలుసు. ఆ తత్వాల బలం అక్కడిదేనని నా నమ్మకం.

అచ్చు వచ్చాక ఎదుటివాడు కనపడకుండా పోయాడు. అయినా ఎదుటివాడెవరో మరవనివారున్నారు. 1914లో గురజాడ అప్పారావు వాడుక తెలుగు పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు, ఇంగ్లీషులో. ఒప్పించవలసింది విశ్వవిద్యాలయ పెద్దలను కనుక వాళ్ల భాషలోనే వాదించారు.

కర్ణాటకలో 1963 అధికార భాషా చట్టంతో ప్రభుత్వ వ్యవహారానికి కన్నడం స్థిరపడింది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల రైతులు ఆ భాషలోనే ‘శాశ్వత నీరావరి’, అంటే శాశ్వత సాగునీటి వసతి, కోరారు. ఆ ‘శాశ్వత’లోనే వాదమంతా ఉంది. ట్యాంకరు నీళ్లు చూపించి దానికి జవాబు చెప్పలేరు. తరువాత బెంగళూరు వాడి వదిలిన నీళ్లను రెండు దశల్లో శుద్ధి చేసి ఇక్కడి చెరువులకు మళ్లించారు. ‘శుద్ధి చేసిన నీళ్లే కదా’ అన్నవారికి ఉద్యమకారులు ‘మూడో దశ శుద్ధి కావాలి’ అని బదులిచ్చారు. వట్టి మురుగు అని తిట్టి ఊరుకుంటే అది కోపం. ‘మూడో దశ’ అంటే కొలత ఉన్న కోరిక.

ఊరి తరఫున అర్జీ రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ‘నీళ్లు కావాలి’ అని రాసి ఆపకండి. ఏ చెరువుకు, ఎన్నో దశ శుద్ధి చేసిన నీళ్లు, తాగడానికా పైరుకా, అన్నీ రాయండి. సంతకాల ముందు ఒక్కసారి అవ్వాతాతలకు చదివి వినిపించండి.