గుంట తీసిన చేతులు
(పల్లె చరిత్ర: 9వ భాగం)

మా కాలేజీలో మూడో సంవత్సరం చదివే పిల్లాడొకడు పోయిన వారం ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. ఇండోనేషియాలో టొరాజా అనే జనం చావులెలా చేస్తారో దగ్గరుండి చూపించే యాత్ర అది. గైడు, భోజనం, బస అన్నీ కలిపి ఒక ధర. అక్కడ మనిషి పోతే వెంటనే మట్టి చెయ్యరు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచుకుంటారు. అప్పటిదాకా ఆ మనిషి శవం కాదు, జబ్బుపడ్డ మనిషి. డబ్బు కూడాక దున్నపోతుల్ని కోసి, బంధువులందర్నీ పిలిచి సాగనంపుతారు. ఆ చావుని చూడ్డానికి దేశదేశాల వాళ్లు కెమెరాలతో వెళ్తారు.

"సార్, చీమకుర్తిలో ఇట్టాంటిది పెడితే ఎవరన్నా వస్తారంటారా?" అని నవ్వాడు.

"పెడితే ఏం చూపిస్తావు?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "దింపుడు కళ్ళం" అన్నాడు. మంచి జవాబే. పాడెని సగం దారిలో దించి, చెవి దగ్గర నోరు పెట్టి పోయినవాళ్లని మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తారేమోనని చివరి ఆశ. మన భాషలో 'దింపుడు కళ్ళం ఆశ' అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. తర్వాత చిన్నదినం, పెద్దదినం, కాకి ముట్టే ముద్ద. ఏ గైడైనా వీటిని చక్కగా చెప్పగలడు. కానీ ఆ పిలిచే క్షణంలో డప్పు ఆగుతుంది కదా, ఆ డప్పు ఎవరి మెడలో ఉంది? ముందే వెళ్లి పార పట్టుకుని గుంట దగ్గర నిలబడ్డది ఎవరు? అడిగితే పిల్లాడు నవ్వు ఆపేశాడు. వాళ్ల తాత గుంటలు తీసినవాడే. మా తాత కూడా.

మిత్రులారా, ఈ భాగం ఆ పార గురించీ, ఆ డప్పు గురించీ.

ఫోన్లు లేని కాలంలో ఊళ్లో పెద్ద రైతు పోతే మొదట కదిలేది మాలపల్లె. చావు కబురు మోసేవాడు పది ఊళ్లు నడవాలి, బంధువుల ఇంటి ముందు ఎడంగా నిలబడి చెప్పాలి. వాళ్లు ఏడవడం మొదలుపెడితే ఇతను తర్వాతి ఊరికి నడవాలి. ఇటు మాదిగపల్లె నుంచి డప్పులు రావాలి. కట్టెలు కొట్టాలి, గుంట తియ్యాలి. ఏ పని మాలలది, ఏది మాదిగలది అన్నది ఊరిని బట్టి మారేది. ఆ తేడాని చెరిపేసి అందర్నీ ఒకే మాటలో కలిపెయ్యడం నాకిష్టం లేదు. దెబ్బలు ఒకటే అయినా పనులు వేరు, ఆ పనుల వల్ల మనలో మనకి పెరిగిన ఎడమూ నిజమే. కూలి మాత్రం ఇద్దరికీ ఒకే తీరు: నాలుగు గింజలు, చిల్లర, కల్లు, కొన్నిచోట్ల పాడె మీది గుడ్డ. మా నాయనమ్మ ఆ గుడ్డని ఉడకబెట్టి, ఎండబెట్టి బొంతలో కుట్టేది. చిన్నప్పుడు ఆ బొంత కిందే పడుకున్నామని మా నాన్న ఒకసారి అన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక పక్కదారి. మన జిల్లాల్లో హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు లేదు. అందులో రాజు కాటికాపరి అవుతాడు, జనం కన్నీళ్లు పెడతారు. కాటి సీనులో నటులు ఎత్తుకునే పద్యాలు వినుకొండలో పుట్టిన జాషువావి. శ్మశానంలో అంటరానితనం తిరగడానికి చోటు లేదని కవి అక్కడ అంటాడు. నటుడు రాగం తీస్తే ఊరంతా ఒన్స్‌మోర్ కొట్టింది. కొట్టినవాళ్ల ఊళ్లోనే వల్లకాళ్లు కులానికొకటి. జాషువాకి ఇది తెలియదా? తెలిసే రాశాడని నా నమ్మకం. రాజు కొన్నాళ్లు కాపలా కాస్తే నాటకం అయింది. తరతరాలుగా కాస్తున్నవాడు ఆ నాటకాన్ని వెనక వరసలో నిలబడి చూశాడు.

సరే, యాత్ర పెడదాం. చీమకుర్తి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఒక్క రోజులో తిరిగి రావచ్చు. మొదటి మజిలీకి బస్సు కూడా అక్కర్లేదు. చీమకుర్తి, రామతీర్థం, ఆర్.ఎల్.పురం చుట్టూ తవ్వే నల్లరాయి పేరు బ్లాక్ గెలాక్సీ. రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఈ రాయి వంటింటి గట్టుకి వెళ్తుంది, హోటళ్ల నేలకి వెళ్తుంది, పరాయి దేశాల్లో సమాధుల మీద పలకగానూ వెళ్తుంది. ఎవరో మనకి తెలియని మనిషి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మన రాయి మీద చెక్కి ఉంటాయి. మా తాత సమాధి మీద రాయి లేదు. నాలుగు చిల్లకంప మొక్కలున్నాయి, మా నాన్న గుర్తుపడతాడు. మా నాన్న తర్వాత ఎవరు గుర్తుపడతారో తెలియదు.

రెండో మజిలీ ఒంగోలు దాటాక గుండ్లకమ్మ ఒడ్డు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. ఆయన కంటే ముందు చెప్పుకోవాల్సిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల పని చేస్తూ, యోగమార్గంలో గురువుల్ని వెతుక్కుంటూ తిరిగి, అదే 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. పల్లెలకి కొత్త నమ్మకాన్ని మోసింది ఇలాంటి కాళ్లే. కరువు తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. పాఠ్యపుస్తకాలు రాస్తే ఈ సంఖ్య రాస్తాయి. నాకు అంతకన్నా పెద్దదిగా కనపడేది దాని చుట్టూ జరిగిన పేచీ. చేరినవాళ్లు మూడు పనులు మానేశారు: చచ్చిన పశువుల మాంసం తినడం, ఆదివారం పని, ఊరి దేవతల దగ్గర డప్పు కొట్టడం. ఊరి పెద్దలు దీన్ని మతం గొడవగా చూడలేదు, పని ఎగ్గొట్టడంగా చూశారు. పనులు బంద్, బావులు బంద్, దారులు బంద్. డప్పు మోగకపోతే ఊరికి దేవుడు కదలడు, శవమూ కదలదు. మన తాతముత్తాతల చేతిలో ఉన్న బలం ఎంతో వాళ్లకి బహుశా అప్పుడే తెలిసింది.

అక్కణ్ణించి చీరాల వైపు వెళ్తుంటే నాగులుప్పలపాడు మండలంలో ఈదుమూడి వస్తుంది. 1994 జూలై 7న మాదిగ దండోరా పుట్టిన ఊరు. దండోరా అంటేనే డప్పు కొట్టి ఊరికి చెప్పడం. ఆనాడు ఊరి కోసం కొట్టనని కింద పెట్టిన డప్పుని, 116 ఏళ్లకి, అదే జిల్లాలో, తమ కోసం తాము ఎత్తుకున్నారు. డప్పు పూర్తిగా మానెయ్యాలా, కళగా నిలబెట్టుకోవాలా అని మన సభల్లో ఇప్పటికీ వాదులాడుకుంటాం. ఎవరు పిలిస్తే, ఏ షరతు మీద కొడుతున్నాం అన్నదే నాకు ముఖ్యం. పెళ్లి స్టేజీ మీద కూలి మాట్లాడుకుని కొట్టడం వేరు, చావింటి ముందు రాకపోతే బాగుండదని కబురు పంపితే వెళ్లడం వేరు.

ఈ రెండోదాని మీద చట్టం కూడా ఉంది, విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్ట సవరణ ప్రకారం దళితులతో శవాలు, పశువుల కళేబరాలు మోయించడం, గుంటలు తీయించడం నేరం. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడమూ నేరమే. వల్లకాటి దారికి అడ్డంగా చేను దున్నేసిన ఊరు మీకు తెలిస్తే ఈ మాట అక్కడ పనికొస్తుంది.

మధ్యాహ్నానికి భట్టిప్రోలు. టూరిజం వాళ్ల బౌద్ధ యాత్రల్లోనూ ఈ పేరు ఉంటుంది. వెళ్లండి, చూడండి, నేనేమీ వద్దనను. కానీ స్తూపం అంటే మూలంలో సమాధి దిబ్బేనని గుర్తుపెట్టుకుని చూడండి. చనిపోయిన మనిషి ఎముకల మీద కట్టిన గుట్ట అది. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వితే రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు దొరికాయి. పెట్టెల మీద బ్రాహ్మీ అక్షరాలు. ఒకదాని మీద తండ్రి, తల్లి, కుర, శివ అని ఒక కుటుంబం. బుద్ధుడి ధాతువుల కోసం పెట్టె చేయించామని రాసుకున్నారు. సుమారు 2,200 ఏళ్ల కిందట ఎముకల్ని మైలగా చూడకుండా భరిణెలో పెట్టి, పక్కన తమ పేరు రాసుకున్న మనుషులు మన నేల మీదే ఉన్నారు. శవాన్ని ముట్టినవాడు అంటరానివాడు అన్న లెక్క అనాదిగా ఉన్నదేమీ కాదు.

దీనికి తోడు అమరావతి శాసనాల్లో ఒక పేరుంది, విధిక. చమ్మకారుడు, అంటే తోళ్ల పని చేసేవాడు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి దానం చేశాడు. విధికని మాదిగ అనేసి సంబరపడితే తొందరపాటు అవుతుంది. ఇప్పటి కులాన్ని అప్పటికి అతికించలేం. కానీ తోలు కోసే మనిషి, బడి చెప్పే తండ్రికి కొడుకు, స్తూపం మీద తన పేరు తాను చెక్కించుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ పేరు రాతి మీది నుంచి ఎలా దిగిపోయిందో వెతకడం మన పని. పిహెచ్‌డి టాపిక్ కోసం తిరిగే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇదిగో.

భట్టిప్రోలుకి ముందు చీరాలలో ఆగుతామని చెప్పడం మరిచాను. విజయనగర్ కాలనీ. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకి గురయ్యారు. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల వచ్చేశారు, తిరిగి వెళ్లలేదు. ఆ కాలనీ అలా పుట్టింది, దళిత మహాసభ ఆ ఏడాదే పుట్టింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్లు వేసింది. ఏటా జూలై 17న అక్కడ జనం చేరతారు. పెద్దదినం పదకొండో రోజుతో అయిపోతుంది కదా, ఈ దినం నలభై ఏళ్లుగా అవుతూనే ఉంది.

చివరి మజిలీ చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారు. శవాలు దొరికాక పల్లె ఒక నిర్ణయం తీసుకుంది. ఎప్పటి వల్లకాటికి, ఊరి చివరికి, చీకటి దారిన మోసుకుపోలేదు. ఊరి నడిమధ్యలో పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు.

ఒక్కసారి ఆలోచించండి. ఊరి మనుషులందరి కోసం గుంటలు తీసిన చేతులు, తమవాళ్ల గుంటకి చోటు తామే ఎంచుకున్న రోజు అది. బతికుండగా నడవడానికి వెనకాడిన చోట చనిపోయినవాళ్లు నిలిచిపోయారు. విచారణ కోసం ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టించారు, అదీ కొట్లాడి సాధించిందే. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు తిరగబడింది, సమాధులు మాత్రం ఊరి నడుమ అక్కడే ఉన్నాయి.

యాత్ర అని సరదాగా మొదలుపెట్టాను గానీ, వచ్చే నెల రెండో ఆదివారం నిజంగానే వెళ్తున్నాం. పద్దెనిమిది మంది పేర్లిచ్చారు, వ్యాన్‌లో ఇంకో నలుగురికి చోటుంది. పొద్దున ఐదున్నరకి చీమకుర్తి సెంటర్‌లో కలుద్దాం. అన్నం ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోండి, భట్టిప్రోలులో చెట్టు కింద కలిపి తిందాం. చీరాలలోనూ, చుండూరులోనూ ముందు అక్కడి పెద్దల్ని అడిగి, రమ్మంటేనే లోపలికి వెళ్దాం. సమాధుల దగ్గర సెల్ఫీలు వద్దు. గైడు ఎవరూ లేరు. ఆ పిల్లాడు మాత్రం వాళ్ల తాత పార తెస్తానంటున్నాడు. ఎందుకురా అంటే, "చూపించడానికి సార్" అన్నాడు.

(10వ భాగం తిరిగొచ్చాక.)