చెన్నపట్టణమున సంరక్షకుల భృతి: పూర్వాపరములు

చెన్నపట్టణమున దీనజనపోషణకై వెలసిన పురాతన సంస్థలలో మణేగారు సత్రము ముఖ్యమైనది. 1782లో, హైదరాలీతో యుద్ధము జరుగుచుండగా క్షామము వాటిల్లుటచే, ఆకలిగొన్నవారికి గంజి పోయుటకు అది ఏర్పడినది. దాని సరసనే వేంకటగిరి రాజావారి పేరిట మరియొక సత్రము నెలకొనుట ఆంధ్రులకు స్మరణీయము. సత్రములు ప్రధానముగ దిక్కులేనివారికి దిక్కైనవి. ఇంటనే రోగినో, వికలాంగునో కనిపెట్టుకొనియున్న తల్లి శ్రమ మాత్రము ఏ లెక్కలకును ఎక్కలేదు.

స్వాతంత్ర్యానంతరమును ఈ దృష్టి వెంటనే మారలేదు. మద్రాసు రాష్ట్రమున 1962లో వృద్ధాప్యపు పింఛనును, తమిళనాట 1974లో వికలాంగుల పింఛనును ప్రవేశపెట్టబడినవి. రెంటికిని నిర్గతికతయే ప్రమాణము. ఆదుకొనువారు కలరనుటయే కొందరికి సహాయము అందకుండుటకు కారణమగుచుండెను. ఆదుకొనువారు తమ జీవనోపాధిని విడిచిరా యను విచారణ లేకుండెను.

ఇట్టి లోపము విదేశములందును కలదు. బ్రిటనునందు సంరక్షకులకు 1976లో ప్రత్యేక భృతి ఏర్పడినను, వివాహిత స్త్రీలకు అది నిషేధింపబడెను. వారెట్లును ఇంటనే యుందురని పాలకుల వాదము. తల్లికి పరిచర్య చేయుచుండిన జాక్వెలిన్ డ్రేక్ అను గృహిణి వ్యాజ్యమువలన 1986లో ఆ నిషేధము తొలగినది.

చెన్నపట్టణమున 1984లో డాక్టరు శారదా మేనోను స్థాపించిన స్కార్ఫ్ సంస్థ మానసిక రోగులతోపాటు వారి కుటుంబములను గూడ చికిత్సలో భాగస్వాములను చేసినది. 1989లో అట్టి కుటుంబములవారే ‘ఆశ’ అను సంఘముగ ఏర్పడిరి.

తుదకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ‘సంరక్షకుడు’ అను పదమును నిర్వచించినది. వేతనము పుచ్చుకొనినను, పుచ్చుకొనకున్నను, తల్లిదండ్రులును ఇతర కుటుంబసభ్యులును అందు చేరుదురు. అధికముగ తోడ్పాటు కావలసిన దివ్యాంగులకు సంరక్షక భృతి నొసగు పథకములను 24వ విభాగము పేర్కొన్నది. అట్టి తోడ్పాటుకై దివ్యాంగుడు గాని, అతని పక్షమున మరియొకరు గాని దరఖాస్తు చేసికొనవచ్చునని 38వ విభాగము చెప్పుచున్నది.

అయినను ఇందు రెండు మెలికలు గలవు. ప్రభుత్వము తన ఆర్థికశక్తి మేరకే పథకములు రచింపవలెనని చట్టమే పరిమితి విధించినది. భృతి సైతము దివ్యాంగునికే చెందును గాని సంరక్షకునికి కాదు. కావున వైకల్య ధ్రువపత్రమును సకాలమున పొంది, దరఖాస్తు చేసికొనుట ప్రతి కుటుంబమునకును అవసరము. అది యాచన కాదు. రెండు శతాబ్దములు లెక్కకు రాని శ్రమను లెక్కలోనికి తెచ్చుట.