ఆర్ఖిపోవ్: ఆ రోజు సబ్‌మెరైన్‌లో అసలేం జరిగింది?

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇంతకుముందు ఒక షార్ట్‌లో, "ముగ్గురు ఆఫీసర్లు ఓటేశారు, ఇద్దరు ఎస్ అన్నారు, ఒక్కడు నో అన్నాడు, ప్రపంచం బతికింది" అని చెప్పేశాను. వ్యూస్ బాగానే వచ్చాయి. తర్వాత కూర్చుని చదివితే, కథ అంత సింపుల్ కాదని తెలిసింది. అందుకే ఆ ఒక్కడి గురించి ఈసారి కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. ఆయన పేరు వసీలీ ఆర్ఖిపోవ్.

1926 జనవరి 30న మాస్కో దగ్గర పుట్టాడు. 1945లో జపాన్ మీద సోవియట్ యుద్ధానికి దిగినప్పుడు, సముద్రంలో మైన్లు ఏరే ఓడ మీద పనిచేశాడు. 1947లో నేవల్ స్కూల్ పూర్తయింది, ఆ తర్వాత సబ్‌మెరైన్లే ఆయన లోకం. ఇక్కడిదాకా మామూలు నేవీ ఆఫీసర్ బయోడేటానే. అసలు కథ 1961 జులై 4న మొదలవుతుంది.

కె-19 అనే కొత్త అణు సబ్‌మెరైన్‌లో ఆర్ఖిపోవ్ డిప్యూటీ కమాండర్. గ్రీన్‌లాండ్ దక్షిణాన ఉండగా రియాక్టర్‌ని చల్లబరిచే పైపు లీకైంది. బ్యాకప్ కూలింగ్ లేదు. ఇంజనీరింగ్ సిబ్బంది రియాక్టర్ గదిలోకి వెళ్లి, వెల్డింగ్ చేసి, అప్పటికప్పుడు ఒక కూలింగ్ లైన్ కట్టారు. వాళ్లలో ఎనిమిది మంది కొన్ని వారాల్లోనే రేడియేషన్‌తో చనిపోయారు. తిరుగుబాటు వస్తుందేమోనని కెప్టెన్ జటేయెవ్ చిన్న తుపాకుల్లో చాలావాటిని సముద్రంలో పడేయించాడు. ఆ గందరగోళంలో కెప్టెన్ వైపు నిలబడిన వాళ్లలో ఆర్ఖిపోవ్ ఒకడు. రేడియేషన్ ఆయనకీ తగిలింది. కాబట్టి అణువు అంటే ఏమిటో ఆయనకు పుస్తకాల్లోంచి తెలిసిన విషయం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

దాదాపు పదిహేను నెలల తర్వాత, 1962 అక్టోబర్ 1న, నాలుగు సబ్‌మెరైన్లు ఆర్కిటిక్ తీరం నుంచి క్యూబా వైపు బయల్దేరాయి. అందులో ఒకటి బి-59. కెప్టెన్ సవిత్స్కీ. ఆర్ఖిపోవ్ ఆ దళం మొత్తానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్, ఇదే బోటులో ఉన్నాడు. ఒక్కో బోటులో 22 టార్పెడోలు ఉంటే, వాటిలో ఒకదానికి అణు వార్‌హెడ్.

ఇప్పుడు ఆ బోటు లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే మన వైజాగ్ ఆర్‌కే బీచ్‌కి రండి. అక్కడ మ్యూజియంగా పెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా కూడా ఫాక్స్‌ట్రాట్ రకమే, బి-59 కూడా ఆ రకమే. బీటెక్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో వెళ్లాను. ఒక కంపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి గుండ్రటి రంధ్రంలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. 91 మీటర్ల పొడవు, కానీ ఎక్కడా ఇద్దరు పక్కపక్కన నడవలేరు. లోపల పది నిమిషాలకే మాకు చెమటలు. అలాంటి చోట డెబ్బై మందికి పైగా, వారాల తరబడి! పైగా ఆ బోట్లు చల్లటి ఉత్తర సముద్రాల కోసం చేసినవి. కరీబియన్ దగ్గరికి వచ్చేసరికి లోపల 45 నుంచి 50 డిగ్రీలు. తాగే నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. మనుషులు స్పృహ తప్పి పడిపోయేవాళ్లు.

అక్టోబర్ 27. అదే రోజు క్యూబా మీద అమెరికా యూ-2 విమానం కూలింది. అట్లాంటిక్‌లో అమెరికన్ డిస్ట్రాయర్లు బి-59ని చుట్టుముట్టి, పైకి రమ్మని ప్రాక్టీస్ డెప్త్ ఛార్జీలు వేస్తున్నాయి. ఇవి సిగ్నల్ కోసమే అని అమెరికా మాస్కోకి ముందే పంపింది. ఆ మెసేజ్ మాత్రం బోటు దాకా రాలేదు. లోపలున్నవాళ్లకి వినపడేది ఒక్కటే: ఇనప డ్రమ్ములో కూర్చుంటే బయట ఎవడో సమ్మెటతో కొడుతున్నట్టు. బ్యాటరీ అయిపోతోంది, మాస్కోతో కాంటాక్ట్ లేదు. పైన యుద్ధం మొదలైందా లేదా?

ఇక్కడి నుంచే రెండు కథలున్నాయి. బోటులో ఉన్న ఓర్లోవ్ అనే ఆఫీసర్ చెప్పిన ప్రకారం, సవిత్స్కీ కోపం పట్టలేక అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడు. తర్వాత ఆర్ఖిపోవ్‌తో, రాజకీయ అధికారి మస్లెన్నికోవ్‌తో మాట్లాడి శాంతించి, పైకి వెళ్దామన్నాడు. గమనించారా, ఇందులో ఓటింగ్ లేదు. ఆర్ఖిపోవ్ స్వయంగా 1997లో చెప్పింది ఇంకోలా ఉంది. అది బోటు పైకి వచ్చాక జరిగిన సంగతి. అమెరికన్ విమానం సెర్చ్‌లైట్ కళ్లలో కొట్టి, చుట్టూ కాల్పులు జరిపింది. ఆ షాక్‌లో కెప్టెన్ వెంటనే మునగమని ఉంటే, అది హెచ్చరికా దాడా అని ఇక ఆలోచించేవాడే ఉండడని ఆయన చెప్పాడు. తనని తాను హీరోగా ఎక్కడా పెట్టుకోలేదు.

నాకు అనిపించేది చెప్తాను. ప్రొడక్షన్ సర్వర్ అర్ధరాత్రి పడిపోయినప్పుడు నేను కూడా వణుకుతున్న చేతులతో తప్పు కమాండ్ కొట్టబోయాను. పక్కనున్న సీనియర్ "ఆగు, లాగ్స్ చూద్దాం" అన్నాడు, అంతే. బోటులో పోయేది సర్వర్ కాదనుకోండి. కానీ ఆ "ఆగు" అనేవాడు గదిలో ఉండటమే పెద్ద విషయం. రెండు కథల్లో ఏది నిజమైనా, ఆ గదిలో కె-19 చూసొచ్చిన మనిషి ఉన్నాడన్నది మాత్రం మారదు.

తిరిగి వెళ్లాక దండలేమీ పడలేదు. అమెరికన్లకి దొరికిపోయి పైకి ఎందుకు వచ్చారని పెద్దలు చీవాట్లు పెట్టారు. అయినా ఆర్ఖిపోవ్ ఉద్యోగం సాగింది. 1975లో రియర్ అడ్మిరల్, బాకూలోని కిరోవ్ నేవల్ స్కూల్‌కి అధిపతి, 1981లో వైస్ అడ్మిరల్. 80ల మధ్యలో రిటైరయ్యాడు. మాస్కో దగ్గర కుపావ్నాలో ఉండి, 1998 ఆగస్టు 19న కిడ్నీ క్యాన్సర్‌తో పోయాడు. తొమ్మిది రోజుల తర్వాత జటేయెవ్ కూడా. ఇద్దరికీ 72 ఏళ్లే.

ఓర్లోవ్ చెప్పిన కథ ప్రపంచానికి తెలిసింది 2002లో, హవానాలో జరిగిన సమావేశంలో. అదే ఏడాది మన కుర్సురా మ్యూజియంగా తెరుచుకుంది. 2017లో లండన్‌లో ఒక అవార్డు ఇస్తే, ఆయన కూతురు, మనవడు వెళ్లి తీసుకున్నారు.

పాత షార్ట్ తీసేస్తున్నాను. కె-19 రియాక్టర్ గదిలోకి వెళ్లిన ఆ ఎనిమిది మందిని ఈరోజు రెండు లైన్లలో దాటేశాను, వాళ్లకి ఒక ఎపిసోడ్ బాకీ. వచ్చే వారం అదే చేద్దాం.