జెండాలు అక్కడే వదిలేశారు

1459 అక్టోబరు 12. రాత్రి.

ఇంగ్లండ్‌లో టీమ్ నది ఒడ్డున పచ్చిక బయలంతా తవ్విపోసిన మట్టి. పొడవాటి కందకం. దాని వెనక మొన చెక్కిన గుంజలు, బండ్ల మీద ఫిరంగులు. వెనక్కి తిరిగితే లడ్‌ఫర్డ్ వంతెన, అది దాటితే ఏటవాలుగా పైకెక్కే వీధి, ఆ పైన లడ్లో అనే సంత ఊరు, ఊరి అంచున కోట. ఎదురుగా చీకట్లో మంటలు. ఎన్నో తెలీదు. అవన్నీ రాజుగారి సైన్యానివి.

రాజుగారు పోయారని తిరుగుబాటుదారుల శిబిరంలో చాటించారు. ఒట్టేసి చెప్పే మనుషుల్ని తెచ్చి నిలబెట్టారు. ఆయన ఆత్మశాంతికి పూజ కూడా చేయించారు. తర్వాత పార్లమెంటు రాసిన నేరపత్రంలో ఉన్న మాటలివి, రాసింది శత్రువులే అనుకోండి. ఏదైతేనేం, అబద్ధం ఎక్కువసేపు నిలవలేదు. ఎదుటి బారుల్లో రాజు జెండా రెపరెపలాడుతోంది. ఆరో హెన్రీ బతికే ఉన్నాడు!

జనం గుండె జారింది. ముందుగా జారుకున్నవాడు మాత్రం మామూలు సిపాయి కాదు.

ఆండ్రూ ట్రాలప్. సముద్రం అవతల కాలే కోట నుంచి వారిక్ ఎర్ల్ వెంట వచ్చిన ఆరితేరిన దళానికి నాయకుడు. ఏ ఫిరంగి ఎక్కడుందో, పొద్దున్నే ఎటునుంచి కొట్టాలనుకున్నారో అన్నీ తెలిసినవాడు. చీకట్లో తన మనుషుల్ని వెంటేసుకుని కందకం దాటి నేరుగా రాజు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక తిరుగుబాటుదారుల నాయకుడు యార్క్ డ్యూక్ రిచర్డ్ చేతిలో మిగిలింది కొన్ని గంటలే.

అర్ధరాత్రి. ఊళ్ళోకి వెళ్ళి కాస్త సేదదీరి వస్తామని దొరలు బయల్దేరారు. సిపాయిలు నమ్మారు. ఎందుకు నమ్మరు, జెండాలన్నీ పాతినచోటే ఉన్నాయిగా. డ్యూక్, ఆయన పెద్దకొడుకులు ఎడ్వర్డ్, ఎడ్మండ్, బావమరిది సాల్స్‌బరీ ఎర్ల్, అతని కొడుకు వారిక్, కవచాలు విప్పేసి, నమ్మకస్తుల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని, వంతెన దాటి, నిద్రపోతున్న ఊరి మీదుగా, దొరికిన చీకటిదారి పట్టి, తమని నమ్మి కందకంలో కూర్చున్న వేలమందిని అక్కడే వదిలేసి పారిపోయారు. తండ్రి, ఎడ్మండ్ వేల్స్ మీదుగా ఐర్లండ్ వైపు. దారిలో వంతెనలు విరగ్గొట్టుకుంటూ పోయారు. మిగతావాళ్ళు డెవన్ తీరానికి, అక్కణ్ణుంచి కాలేకి.

డ్యూక్ భార్య మాత్రం లడ్లోలోనే ఉండిపోయింది.

లడ్లో కోట లేసీ వంశంవాళ్ళు కట్టింది, 11వ శతాబ్దం చివర్లో. ఆ తర్వాత అది చేతులు మారింది ఎక్కువగా పెళ్ళిళ్ళతోనే. కొడుకుల్లేక ఆడపిల్లల ద్వారా జెన్‌విల్ ఇంటికి పోయింది. 1301లో ఆ ఇంటి పిల్ల జోన్‌ని చేసుకుని రోజర్ మార్టిమర్ దీన్ని తన వంశానికి తెచ్చుకున్నాడు. లండన్ టవర్ నుంచి తప్పించుకుని, రాణితో చేతులు కలిపి రాజునే దించి, 1330లో ఉరికంబమెక్కిన మార్టిమర్ అతనే. 1425లో ఆ వంశంలో చివరి మగవాడు పిల్లల్లేకుండా పోతే ఆస్తి మేనల్లుడికి దక్కింది. ఆ మేనల్లుడే ఈ యార్క్ డ్యూక్. ఆయన కొడుకులు ఎడ్వర్డ్, ఎడ్మండ్ పెరిగిందిక్కడే. 1454లో ఇక్కణ్ణుంచి తండ్రికి ఉత్తరం రాశారు: ఆకుపచ్చ గౌన్లు అందాయి, మంచి టోపీలు కూడా పంపండి, క్రాఫ్ట్ అన్నదమ్ములు మమ్మల్ని వేపుకు తింటున్నారు.

తెల్లారింది. రాజు సైన్యం వంతెన దాటింది.

ముందు సారాయి కొట్లు. పీపాల బిరడాలు ఊడబీకారు. తాగినంత తాగారు, మిగిలింది నేలపాలు. వీధుల్లో ద్రాక్షసారా పాదాలు తడిసేంత పారిందని అప్పటి చరిత్రకారుడొకాయన రాశాడు. పరుపులు, దుప్పట్లు, బట్టలు, చేతికందినదల్లా మూటగట్టారు. ఆడవాళ్ళ మీద పడ్డారు. ఊరు చేసిన తప్పల్లా ఒకటే, డ్యూక్‌గారి ఊరు కావడం.

ఆ గోలలోనే సిసిలీ నెవిల్ బయటికొచ్చింది. డ్యూక్ భార్య. పక్కన తొమ్మిదేళ్ళ జార్జ్, ఏడేళ్ళ రిచర్డ్. సంత శిలువ దగ్గర పిల్లల్ని పట్టుకుని శత్రువుకి ఎదురుగా నిలబడిందని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. రాజు చంపలేదు. ఆమె సొంత అక్క, బకింగ్‌హామ్ డచెస్ ఇంట్లోనే కాపలాలో పెట్టించాడు. నవంబరు 20న కావెంట్రీలో కూర్చున్న పార్లమెంటు భర్తనీ పెద్దకొడుకుల్నీ ద్రోహులని తేల్చింది.

కథ అక్కడితో ముగిసిందనే అనుకున్నారు అందరూ.

1460 డిసెంబరు 30. వేక్‌ఫీల్డ్. ఐర్లండ్ నుంచి తిరిగొచ్చిన డ్యూక్‌ని చంపారు. పదిహేడేళ్ళ ఎడ్మండ్‌నీ చంపారు. డ్యూక్ తలకి కాగితం కిరీటం పెట్టి యార్క్ నగరద్వారం మీద గుచ్చారు. ఐదు వారాలు తిరక్కుండానే, లడ్లోకి దక్షిణాన మార్టిమర్స్ క్రాస్ దగ్గర గడ్డకట్టే చలి ఉదయాన ఆకాశంలో మూడు సూర్యుళ్ళు కనబడ్డాయి. మంచు కణాల మీద వెలుగు చేసిన మాయ అది. సిపాయిలు బెదిరిపోయారు. పద్దెనిమిదేళ్ళ ఎడ్వర్డ్ బెదరలేదు, శుభశకునం అన్నాడు. గెలిచాడు. మార్చిలో నాలుగో ఎడ్వర్డ్‌గా గద్దెనెక్కాడు. ఆ ఏడాది చివర్లోనే లడ్లోకి సొంత పాలన హక్కులు రాసిచ్చాడు.

1473లో తన చిన్నారి కొడుకుని, వాడి పేరూ ఎడ్వర్డే, ఇదే కోటకి పంపాడు. ఎలా పెంచాలో కాగితం మీద పెట్టాడు. పొద్దున్నే పూజ, చదువు, భోజనం వేళ ఘనుల కథలు, ఆటలు, రాత్రి ఎనిమిదికి పడక తెరలు దించెయ్యాలి. పడుకోబోయే ముందు పిల్లాణ్ణి నవ్వించాలని కూడా రాశాడు.

పదేళ్ళు అలాగే గడిచాయి. 1483 ఏప్రిల్ 14న గుర్రం మీద వార్త వచ్చింది. రాజుగారు పోయారు. ఈసారి నిజమే.

పన్నెండేళ్ళ ఎడ్వర్డ్ ఇప్పుడు రాజు. సెయింట్ జార్జ్ పండగ అయ్యాక, 24న, మేనమామ రివర్స్ ఎర్ల్‌తో లండన్‌కి కదిలాడు. 29 రాత్రి నార్తాంప్టన్‌లో రివర్స్‌తో కలిసి ఓ చుట్టం విందారగించాడు. తెల్లారగానే అతన్నే ఖైదు చేయించాడు. స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆగి ఉన్న పిల్లరాజు దగ్గరికెళ్ళి, రక్షణ బాధ్యత ఇక తనదన్నాడు.

ఆ చుట్టం పేరు రిచర్డ్. పిల్లాడి బాబాయి. ఇరవై నాలుగేళ్ళ కింద లడ్లోలో తల్లి పక్కన నిలబడ్డ ఏడేళ్ళవాడు.

జూన్ 25న రివర్స్ తల తెగింది. జులై 6న బాబాయి మూడో రిచర్డ్‌గా కిరీటం పెట్టుకున్నాడు. పిల్లాడు, అతని తమ్ముడు అప్పటికే టవర్లో ఉన్నారు. ఆ ఎండాకాలం దాటాక వాళ్ళని చూసినవాళ్ళు లేరు.

కోట ఆ తర్వాత రాజులకే చాలాకాలం ఉండి, పైకప్పులు కూలి, పాడుబడింది. 1811లో కొన్నాయన పోవిస్ ఎర్ల్, ఎడ్వర్డ్ క్లైవ్. ప్లాసీ రాబర్ట్ క్లైవ్ కొడుకు. 1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం సీమల్ని కుంఫిణీకి దత్తం చేసినప్పుడు మద్రాసు గవర్నరు ఇతనే. లడ్లో కోట ఇవాళ్టికీ పోవిస్ ఎర్ల్‌లదే.