నిప్పుతో సాము: మంట కన్నా ముందు భయపడాల్సింది ఇంధనానికి

జంషెడ్‌పూర్‌లో సాక్చీని ఆనుకుని ఉన్న కాసిడీహ్ లాంటి పేటల్లో శ్రీరామనవమి పానకం, వడపప్పుతో అయిపోయే పండగ కాదు. అఖాడాల జెండాలు వీధుల్లోకి వస్తాయి. డప్పుల హోరులో కుర్రాళ్లు కర్ర తిప్పుతారు, కత్తి తిప్పుతారు. చీకటి పడ్డాక రెండు కొసలా మండుతున్న కర్రలు తిప్పుతారు. నోట్లో కిరసనాయిలు పోసుకుని కాగడా మీదికి ఊదేవాళ్లూ ఉంటారు. మొహర్రం ఊరేగింపుల్లోనూ ఇలాంటి విన్యాసాలే కనిపిస్తాయి.

ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది మరీ కొత్త ఆటేమీ కాదు. కర్రసాము వాళ్ల సొంతూళ్లలోనూ ఉంది. కూచిపూడి భాగవతాల్లో, వీధి నాటకాల్లో రాక్షస పాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించడం పాత పద్ధతి. ముద్దగా ఉన్న గుగ్గిలం నెమ్మదిగా రాజుకుంటుంది. అదే మెత్తటి పొడిగా గాలిలోకి ఎగిరితే ప్రతి రేణువుకూ చుట్టూ గాలి అందుతుంది కాబట్టి ఒక్కసారిగా మండిపోతుంది. మైదా, మొక్కజొన్న పిండి కూడా అంతే. ‘పిండే కదా, ఏమవుతుంది’ అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ప్రపంచమంతటా ఇప్పుడు కనిపించే అగ్ని నృత్యాల్లో చాలా వాటికి మూలం పసిఫిక్ దీవుల్లో ఉంది. తాడు కొసన బంతి కట్టి తిప్పే ‘పోయ్’ న్యూజీలాండ్ మావోరీలది. మొదట్లో దానికి నిప్పుతో సంబంధం లేదు. సమోవా కత్తి నృత్యానికి నిప్పు తోడైంది 1946లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఫ్రెడ్డీ లెటూలీ అనే సమోవా కళాకారుడు కత్తి కొసలకు తువ్వాళ్లు చుట్టి వెలిగించాడు. ఆ తర్వాత బీచ్ రిసార్టుల నుంచి పెళ్లి వేదికల దాకా ఇది పాకింది. హైదరాబాద్, విశాఖ సంగీత్ వేడుకల్లో కనిపించే ‘ఫైర్ షో’ దానికి దూరపు చుట్టమే.

చూసేవాళ్లు ప్రమాదమంతా మంట తగలడంలో ఉందనుకుంటారు. వేగంగా తిరుగుతున్న వత్తి చర్మాన్ని తాకినా అది క్షణంలో పక్కకు పోతుంది. వెంట్రుకలు కమలవచ్చు, చిన్న బొబ్బ రావచ్చు. ప్రాణాల మీదికి తెచ్చేది ఇంధనం. బట్టల మీద ఒలికిన ఇంధనం, మూత తీసి ఉంచిన డబ్బాలోది, ఊపిరితిత్తుల్లోకి దిగినది.

ఎండలో ఉన్న డబ్బా

ఒక ద్రవం మీది ఆవిరి నిప్పురవ్వకు అంటుకోవడానికి చాలినంత వేడిని ఆ ద్రవపు ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోల్‌కు అది సున్నాకు దిగువన 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అంటే మన దేశంలో ఏ ఊళ్లో, ఏ కాలంలో మూత తీసినా పెట్రోల్ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కిరోసిన్‌కు భారతీయ ప్రమాణం ప్రకారం అది కనీసం 35 డిగ్రీలు ఉండాలి. కిరోసిన్ ‘సేఫ్’ అనే నమ్మకం ఇక్కడి నుంచి వచ్చింది. చలిదేశాల్లో ఆ నమ్మకానికి కొంత అర్థముంది. శ్రీరామనవమి వచ్చేది మార్చి చివర్లో, ఏప్రిల్‌లో. ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్ పగటి వేడి 40 డిగ్రీలకు చేరడం మామూలే. మధ్యాహ్నమంతా వాహనం మీద ఎండలో ఉన్న రేకు డబ్బాలోని కిరోసిన్ సాయంత్రానికి ఫ్లాష్ పాయింట్ దాటి ఉండవచ్చు. అప్పుడు దాని మీది ఆవిరి పెట్రోల్ ఆవిరిలాగే చటుక్కున అంటుకుంటుంది. డబ్బాను నీడలో, తడిగోనె కప్పి ఉంచడం ఖర్చు లేని జాగ్రత్త.

రేషన్ కిరోసిన్ దొరకడం తగ్గిపోయాక పెట్రోల్, థిన్నర్, స్పిరిట్ వాడకం వైపు మొగ్గేవాళ్లున్నారు. త్వరగా అంటుకుంటుందని కిరోసిన్‌లో కాస్త పెట్రోల్ కలిపితే ఆ మిశ్రమం మొత్తం పెట్రోల్ లాగే ప్రవర్తిస్తుంది. ఈ ఆవిర్లు గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ వెళ్లి, దూరంలో ఉన్న నిప్పును అందుకుని, వచ్చిన దారినే డబ్బా దగ్గరికి మంటను తెస్తాయి. స్పిరిట్, శానిటైజర్ల మంట పగటి వెలుతురులో సరిగ్గా కనిపించదు. అంటుకున్నవాడికి కూడా వేడి తగిలేదాకా తెలియదు. విదేశాల్లో అనుభవమున్న కళాకారులు ఎక్కువగా బాగా శుద్ధి చేసిన లాంతరు నూనెకు మొగ్గుతారు. దాని ఫ్లాష్ పాయింట్ కిరోసిన్ కన్నా ఎక్కువ. వెలిగించడానికి కాస్త సేపు పడుతుంది, అదే దాని మేలు.

ఇంధనం ఉండాల్సింది బిగుతు మూత ఉన్న లోహపు డబ్బాలో. కూల్‌డ్రింక్ సీసాలో పోస్తే ఒకటి, ప్లాస్టిక్ కరుగుతుంది. రెండు, ఎవరో దప్పికతో తాగుతారు. వత్తిని ముంచే చోటు, వెలిగించే చోటు ఒకటి కాకూడదు. మధ్యన కనీసం పది పన్నెండు అడుగుల దూరం ఉండాలి, గాలి డబ్బా వైపు నుంచి మంట వైపు వీచకూడదు. ముంచిన వత్తిని అలాగే తిప్పితే ఎక్కువైన ఇంధనం చుక్కలు చుక్కలుగా జనం మీదికి ఎగురుతుంది, అదీ మండుతూ. ముందు డబ్బాలోనే పిండి, విదిలించి, ఆ తర్వాతే వెలిగించాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆరిన వెంటనే వేడి వత్తిని మళ్లీ డబ్బాలో ముంచడం. మంట కనిపించకపోయినా వత్తి లోపల నిప్పు ఉంటుంది. రెండో విడత ఆటకు రెండో జత కర్రలు ఉండాలి. లేదంటే చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగాలి.

నోటితో మంట ఊదడం

ఈ విన్యాసాన్ని జాగ్రత్తగా చేయడమెలా అని చాలామంది అడుగుతారు. దీన్ని ఆట నుంచి తీసేయడమే మేలు. కిరోసిన్ పలచటి ద్రవం. దాని తలతన్యత తక్కువ. నోట్లోంచి ఏ కాస్త పొరమారినా ఊపిరితిత్తుల లోపలి సన్నటి గదుల దాకా పాకిపోతుంది. అక్కడ గాలిగదులు తెరుచుకుని ఉండేలా చూసే పొరను కరిగించి వాపు తెస్తుంది. దీన్ని రసాయన న్యుమోనియా అంటారు. వైద్య గ్రంథాల్లో దీనికి ‘ఫైర్ ఈటర్స్ లంగ్’ అని ప్రత్యేకంగా పేరే ఉంది. అంటే ఈ కళాకారులకు ఇది ఎంత తరచుగా వస్తుందో ఊహించవచ్చు. కొద్ది మిల్లీలీటర్లు చాలు.

దగ్గు వెంటనే మొదలవుతుంది. ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం మాత్రం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి రావచ్చు. అందుకే ‘కాస్త దగ్గాడు, తగ్గిపోయింది’ అని ఇంటికి పంపకూడదు. వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు, పాలు, నూనె తాగించడం మన ఇళ్లల్లో అలవాటు. వాంతి అయితే కడుపులో ఉన్న కిరోసిన్ మరోసారి గొంతు దాటుతూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏం మింగాడో, ఎంతసేపయిందో చెప్పాలి. గాలి ఎదురు తిరిగి మంట ముఖం మీదికి రావడం, గడ్డం మీద కారిన చుక్కలు అంటుకోవడం దీనికి అదనం.

కర్ర, బట్ట, కాపలా మనిషి

పాత గుడ్డలు చుట్టి తీగతో కట్టిన వత్తి కాలుతూ కాలుతూ పీలికలుగా రాలుతుంది. కెవ్లార్ వంటి అరామిడ్ నారతో నేసిన పట్టీ కరగదు, త్వరగా కాలిపోదు. దాన్ని మేకుతో కాక నట్టు బోల్టుతో బిగించాలి. ప్రతి ప్రదర్శనకు ముందు నిప్పు లేకుండా పూర్తి వేగంతో తిప్పి చూస్తే వదులుగా ఉన్నదేదో బయటపడుతుంది. ఆటను కూడా వారాల తరబడి నిప్పు లేకుండానే నేర్చుకోవాలి.

ఒంటి మీద నూలు, ఉన్ని, మందపాటి జీన్స్ ఉండాలి. నూలు కాలితే బూడిద అవుతుంది. పాలిస్టర్, నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఊరేగింపుల్లో పంచే చవక శాటిన్ కండువాలు, తలపాగాల్లో చాలా భాగం పాలిస్టరే. మండే కర్ర పట్టుకునేవాడు వాటిని విప్పి పక్కన పెట్టాలి, అది ఎంత భక్తితో కట్టినదైనా. ప్లాస్టిక్ పూలదండలకూ, బాడీ స్ప్రేలకూ అదే మాట.

ప్రతి ఆటగాడికి తడి గుడ్డ పట్టుకున్న ఒక మనిషి ఉండాలి. అతడు డప్పు వాయించకూడదు, వీడియో తీయకూడదు, ఆటనే చూడాలి. వీపు మీద అంటుకున్న మంట ఆటగాడికి కనిపించదు, ఇతనికి కనిపిస్తుంది. తువ్వాలును నీళ్లలో ముంచి గట్టిగా పిండి ఉంచుకోవాలి. మనిషి బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా పడుకోబెట్టి, తల వైపు నుంచి కాళ్ల వైపుకు కప్పుతూ ఆర్పాలి. డబ్బా అంటుకుంటే నీళ్లు పోయకూడదు. ఇంధనం నీటి మీద తేలి మంటను మరింత పరుస్తుంది. మూత వేయాలి, లేదా ఇసుక, డ్రై పౌడర్ వాడాలి.

చూడవచ్చినవాళ్లు

వేడుకల్లో నిప్పు ఎంత దూరం పోగలదో జంషెడ్‌పూర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1989 మార్చి 3న, జంషెట్జీ టాటా 150వ జయంతి వేడుకలు కర్మాగారం ఆవరణలో జరుగుతుండగా వీఐపీ పందిరిని మంటలు చుట్టుముట్టాయి. 60 మంది చనిపోయారు. వారిలో 26 మంది పిల్లలు, 25 మంది మహిళలు. గాయపడినవారు 113 మంది. అది అగ్ని విన్యాసాల ప్రదర్శన కాదు. చనిపోయినవారు వేడుక చూడడానికి వచ్చి కూర్చున్నవాళ్లు. బాధితుల తరఫున వేసిన లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు 2001లో తీర్పునిచ్చింది. ఇంట్లో పనిచేసే గృహిణి సేవలకు నెలకు రూ.3,000 విలువ కట్టిన తీర్పుగా న్యాయవాదులకు అది ఇప్పటికీ గుర్తు. పరిహారం లెక్కలు తేలడానికి పన్నెండేళ్లు పట్టిందన్నది ఆ తీర్పులో ఎవరూ అంతగా తలచుకోని భాగం.

అందుకే ఆటగాడి చుట్టూ తాడు కట్టి ఖాళీ ఉంచడం అలంకారం కాదు. కర్ర చేయి జారితే ఎంత దూరం పోతుందో అంత ఖాళీ కావాలి. పిల్లలు ముందు వరుసలో నేల మీద కూర్చోవడం మన దగ్గర మామూలు, అలా కూర్చోనివ్వకూడదు. షామియానా కింద, జెండాల వరుస కింద, వేలాడే కరెంటు తీగల కింద, టిఫిన్ బండి గ్యాస్ సిలిండర్ పక్కన ఆట ఆడకూడదు. ఇరుకు సందులో ఊరేగింపు ఆగిపోతే అక్కడ కర్రలు వెలిగించకుండా మైదానం వచ్చేదాకా ఆగాలని ముందే అనుకోవాలి. నిర్లక్ష్యంగా నిప్పుతో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాలితే

కాలినచోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. ఐసు వద్దు. వెంటనే వీలుకాకపోయినా మూడు గంటల లోపు ఇలా చేస్తే ఉపయోగం ఉంటుంది. ఉంగరాలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న బట్టను లాగకూడదు, చుట్టూ కత్తిరించాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన ఏదీ పూయకూడదు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించనివ్వవు. శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పి, మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, గాయం అరచేతి కన్నా పెద్దదైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు కమిలినా శ్వాసనాళం కాలి ఉండవచ్చు, అప్పుడు నిమిషాలే లెక్క. అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, ఏదీ గుర్తు రాకపోతే 112. జంషెడ్‌పూర్‌లో కాలిన గాయాల చికిత్సకు ప్రత్యేక విభాగం బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్‌లో ఉంది. ఊరేగింపు రోజున రోడ్లు మూసేస్తారు కాబట్టి కాసిడీహ్ నుంచి అక్కడికి ఏ దారిన వెళ్లాలో ఆట మొదలుకాకముందే అఖాడాలో ఒకరు చూసి పెట్టుకోవాలి.