వీధిబడి బెత్తం నుంచి చేతిఫోను దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించగా, నెల్లూరు నుంచి కూడా 1823లో నివేదిక వెళ్లింది. అయితే వీధిబడిలోని, అంటే ఊళ్లో ఒక పంతులు సొంతంగా నడుపుకొనే బడిలోని, శిక్షల తీరును విపులంగా నమోదు చేసినవాడు తెలుగు వ్యాకరణం కూడా రాసిన బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండవవాడి చేతిలో సున్న రాసి, మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపై ఒక్కొక్కటి పెంచుతూ కొట్టేవారని, సోమరులను చేతులతో పైకప్పుకు వేలాడదీసేవారని, లేదా ఎడతెగకుండా కూర్చుని లేవమనేవారని ఆయన తెలిపాడు. వేలాడదీయడాన్ని తెలుగువారు కోదండమనీ, కూర్చుని లేవడాన్ని గుంజీళ్లనీ అన్నారు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఈ ఆచారానికి ఊతమైంది. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలుకోరి సంరక్షకులు గాని, వారి సమ్మతితో ఇతరులు గాని సద్భావంతో చేసిన పనిని నేరం కాదన్న 1860 నాటి శిక్షాస్మృతి 89వ సెక్షను పంతులుకూ తండ్రికీ ఒకేవిధంగా రక్షణనిచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినా ఇంటి జోలికి పోలేదు. స్వీడన్ 1979లోనే ఇంటి దండనను కూడా నిషేధించగా, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత పాత 89వ సెక్షనునే 27వ సెక్షనుగా నిలుపుకొంది.

చట్టం ఆగినచోట బోధన మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి రూపొందించిన ‘పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్’ కార్యక్రమం తల్లిదండ్రులను గుంపులుగా కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చేది. 2020లో కోవిడ్ అటువంటి సమావేశాలను ఆపివేయడంతో ఆ శిక్షణ ఫోనులోకి మారే వేగం పెరిగింది. దాని శాఖ ‘పేరెంట్‌టెక్స్ట్’ ఒక చాట్‌బాట్, అంటే పంపిన సందేశానికి తనంతట తానే జవాబిచ్చే ఏర్పాటు. రోజూ కాసేపు పిల్లలతో ఆడుకోవడం, మంచిపనిని వెంటనే మెచ్చుకోవడం, చేయవలసిన పనిని స్పష్టంగా చెప్పడం, కోపం వచ్చినప్పుడు ఒక క్షణం ఆగడం అందులోని పాఠాలు.

చట్టం పంతులు చేతిలోని బెత్తాన్ని తీసుకోగలిగింది గాని, ఇంట్లో లేచే చేతిని ఆపే భారం బోధన మీదనే ఉంది. ఇల్లంతటికీ ఒకే ఫోను ఉండి, అది తండ్రి వెంట పనికి వెళ్లే కుటుంబాలలో, ఆ బోధనను తల్లికి నోటిమాటగా చేర్చవలసినది 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీ కార్యకర్తయే.